పదకొండో నంబరు

ఆ వాసన తనదే. అందులో శోభనకు ఇసుమంత సందేహం కూడా లేదు.

సోమవారం సాయంత్రం. తిరువళ్లూరులో రైలు కదిలి రెండు నిమిషాలైనా కాలేదు. ఆడవాళ్ల పెట్టెలో కిటికీ పక్కన చోటు దొరికిన సంతోషంతో చెప్పులు విడిచి కాళ్లు పైకి పెట్టుకుంటోంది. చెమట, కొబ్బరినూనె, ఎవరో ఒలిచి పారేసిన కమలాపండు తొక్క, వీటన్నిటి మధ్యలోంచి అది తేలి వచ్చింది. ముందు మల్లె. దాని వెనకే దవనం. ఆ వెనక తడిసిన వట్టివేరు. అన్నిటికన్నా అడుగున, వెతికితే తప్ప దొరకని చోట, వేపపూత.

మల్లె, దవనం, వట్టివేరు కలిపేవాళ్లు లోకంలో వెయ్యిమంది ఉంటారు. అందులో వేపపూత వేసే పిచ్చిది తిరుత్తణి మొత్తంలో శోభన ఒక్కతే. దానికింకా పేరైనా పెట్టలేదు. పదిసార్లు కలిపినవి పనికిరాకపోయి పదకొండోసారి కుదిరింది కాబట్టి 'పదకొండు' అని పిలుచుకుంటోంది. ఏడాది పాటు నిద్రాహారాలు మాని చేసిన సరుకు. ఒక్క సీసా గడప దాటలేదు. ఈ శుక్రవారం తిరువళ్లూరులో దీపిక కొట్టులో మొదటిసారి బయటపెట్టాలి. ఇప్పుడు ఆ ఏర్పాట్లు మాట్లాడి, అద్దాల బీరువాలో ఏ అర తనదో చూసుకుని వస్తోంది కూడా. అలాంటిది, తనకన్నా ముందు అది రైలెక్కి కూర్చుంది!

శోభన లేచింది. చోటు కోసం వెతుకుతున్నట్టు నటిస్తూ పెట్టెలో ఆ చివరికి నడిచింది. ముక్కు ముందు, మనిషి వెనక. కాలేజీ పిల్లలిద్దరి దగ్గర ఆగింది. వాళ్ల దగ్గర డబ్బాసెంటు ఘాటు తప్ప ఏమీ లేదు. తలుపు వైపు పోయేకొద్దీ వాసన చిక్కబడింది. కాస్త పచ్చిగా ఉంది, అంతే. అంటే ఇంకా ఊరుతున్న జాడీలోంచి తీసిందన్నమాట. వడపోశాక నలభై రోజులు చీకటి గదిలో ఊరనిస్తే తప్ప శోభన దేనికీ మూత తియ్యదు. అమ్మబోయే దీపికకు కూడా ఇంతవరకు వాసన చూపించలేదు.

తలుపు దగ్గర నేలమీద చతికిలబడ్డ నలుగురైదుగురు ఆడవాళ్లను దాటుకుని, కమ్మీ పట్టుకుని నిలబడ్డ పట్టుచీర ఆవిడ పక్కకు చేరింది. ఈవిడే. ఇంకెవరు పూసుకుంటారు?

"ఏం సెంటక్కా అది? బాగుండాది," అంది నవ్వు తెచ్చుకుని.

"సెంటా? నాకు పడదు తల్లీ. తలనొప్పి వస్తాది," అంది ఆవిడ, ఎగాదిగా చూస్తూ.

అబద్ధం అనుకుంది శోభన. అరక్కోణంలో దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ ఒక్కసారిగా తోసుకున్నారు. పట్టుచీర దిగిపోయింది. ఆ తొక్కిసలాటలో వాసన తెగిపోయింది. తిరుత్తణి వచ్చేదాకా శోభన కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

ఇంటికి రాగానే మొగుడికి ఫోన్ చేసింది. ఆనంద్‌రాజ్‌కు ఆత్తిపట్టు కరెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని, ఆదివారాలు మాత్రం ఇల్లు చేరతాడు. అంతా విని, "ఆ గదిలోకి పోయేది ఎంతమంది?" అన్నాడు.

"నేనూ, పొన్నమ్మక్కా."

"నువ్వు అమ్ముకోలేదు కదా?"

"ఏం మాటలు అవి?"

"మరి ఇంకెవురుండారు చెప్పు. ఆ యమ్మ బ్యాగు చూడు."

శోభన కసిరి ఫోన్ పెట్టేసింది. కసిరిందే గాని ఆ మాట చెవిలోంచి పోలేదు.

*

చిత్తూరు రోడ్డులో స్కూటర్ల మెకానిక్ షెడ్డు వెనక రెండు గదులు, ఒక పెరడు. అదే శోభన సెంట్ల కంపెనీ. ముందు గదిలో నేలంతా తెల్లటి గుడ్డ పరిచి ఉంటుంది. దానిమీద పొట్టు తీసిన నువ్వులు, నువ్వుల మీద మల్లెమొగ్గలు, మళ్లీ నువ్వులు, మళ్లీ మొగ్గలు. సాయంత్రం పరిచిన మొగ్గలు తెల్లారేలోగా విచ్చుకుని తమ వాసనంతా నువ్వులకిచ్చి వాడిపోతాయి. పొద్దున్నే ఆ పూలు జల్లించి తీసేసి, సాయంత్రం కొత్త మొగ్గలు పరవాలి. ఇలా పది రోజులు. ఆ తర్వాత నువ్వులు గానుగకు పోతాయి. వచ్చిన నూనెలో దవనం, వట్టివేరు, వేపపూత వేసి లోపలి గదిలో జాడీల్లో నానబెడతారు. పూలు పరవడం, జల్లించడం, గదులు శుభ్రం చెయ్యడం పొన్నమ్మ పని. కలపడం శోభనది.

మంగళవారం పొద్దున పొన్నమ్మ ఎప్పటిలాగే వచ్చి, సంచి మేకుకు తగిలించి, చేతులు కడుక్కుని, జల్లెడ పట్టుకుని కూర్చుంది. యాభై అయిదేళ్ల మనిషి. కుదురుగా ఉంటుంది, తక్కువ మాట్లాడుతుంది. జల్లెడను రెండు చేతులా పట్టుకుని ఇటొకసారి అటొకసారి తిప్పి, అరచేత్తో అంచు మీద తడుతుంది. నువ్వులు కిందికి, వాడిన పూలు పైకి. ఆరేళ్లుగా ఆ చప్పుడు వింటూ శోభన నిశ్చింతగా కాఫీ తాగేది. ఆవేళ కాఫీ తాగకుండా ఆ చేతులనే చూసింది. ఇంత నెమ్మదిగా ఎందుకు తిప్పుతోంది? సంచి ఇదివరకు ఈ మేకుకే తగిలించేదా?

అనుమానం వచ్చాక మనిషి నడక కూడా మారినట్టే కనిపిస్తుంది. పొన్నమ్మ నీళ్లకు లేచినా, పెరట్లోకి పోయినా శోభన ఏదో పని కల్పించుకుని వెనకే తిరిగింది. మధ్యాహ్నం పొన్నమ్మ అన్నం తింటుండగా లోపలి గదిలోకి పోయి జాడీలన్నీ ఒక్కొక్కటే కాటా మీద పెట్టి తూచింది. రాసుకున్న తూకాలతో సరిపోల్చింది. చుక్క తగ్గలేదు.

ఊపిరి పీల్చుకోవాల్సింది పోయి ఇంకా బిగదీసుకుంది. తీసినంత నువ్వులనూనె మళ్లీ పోసి ఉంటే? అట్టముక్కల మీద ఒక్కో చుక్క వేసి, ముక్కు కింద ఆడించి, కాసేపాగి మళ్లీ చూసింది. కల్తీ లేదు. పోనీ, కొలతల పుస్తకం? అది పెట్టెలో తాళం కింద ఉంది. పైగా శోభన తెలుగులో రాస్తుంది. అవ్వ దగ్గర పలక మీద నేర్చుకున్న అక్షరాలు. చుట్టుపక్కల అందరూ తెలుగు మాట్లాడేవాళ్లేగాని చదివేది అరవమే. ఆ ధైర్యంతోనే తెలుగులో రాసుకుంది. పొన్నమ్మకు అరవం చదవడమూ రాదు. అయితే ఏం, ఫోన్లో ఫోటో తీస్తే చదివేవాళ్లు యాడో ఒకచోట ఉండరా?

"ఏందమ్మా, పొద్దుట్నించీ నన్నే చూస్తా ఉండావు?" అంది పొన్నమ్మ చేతులు తుడుచుకుంటూ.

"ఏంలేదక్కా. నీ ఫోను ఏ ఫోను?"

"నొక్కేదే. ఎందుకు?"

"ఊరికే."

పొన్నమ్మ ఒక క్షణం శోభన ముఖంలోకి చూసి, ఏమీ అనకుండా చీపురు తీసుకుంది. తప్పు చేసిన మనిషి కాబట్టే నోరు మెదపలేదని శోభన తీర్మానించుకుంది. ఆమె గట్టిగా మాట్లాడి ఉంటే తప్పు చేసిన మనిషి కాబట్టే అరిచిందని తీర్మానించుకునేది.

మూడింటికి మొగ్గలు తెచ్చే ఎలుమలై బండి ఆపాడు. తడిగుడ్డ కప్పిన బుట్ట దించుతూ, "అక్కా, ఈపొద్దు మొగ్గ చూడు, ముత్యం మాదిరి ఉండాది," అన్నాడు. ఎప్పుడూ అతన్ని రెండు మాటలు ఆటపట్టించే శోభన, "నువ్వు ఇంకెవురికైనా వేస్తా ఉండావా, సెంట్లు చేసేవాళ్లకి?" అని అడిగింది.

"సెంటుకా? నువ్వు తప్ప ఇంకెవురక్కా, మిగిలిందంతా గుడికే కదా పోయేది," అని అతను నవ్వాడు. పొన్నమ్మ కూడా నవ్వింది. శోభన నవ్వలేదు.

*

బుధవారం వడపోత. నానిన నూనెను నాలుగు మడతల పల్చటి నూలుగుడ్డలోంచి వంచాలి. తొందరపడి పిండితే మడ్డి దిగుతుంది, అందుకని గుడ్డను దారంతో కట్టి వేలాడదీస్తే బొట్టుబొట్టుగా కారుతుంది. ఆ పని శోభనే చేస్తుంది. పొద్దున పదింటికి కడితే నాలుగింటికి కారడం ఆగింది. గుడ్డ విప్పి పిప్పి దులిపి చెత్తబుట్టలో పడేసింది. ఒకసారి వాడిన గుడ్డ మళ్లీ వాడకూడదని ఆమె పెట్టుకున్న నియమం. ఉతికితే సబ్బు వాసన నూనెకు ఎక్కుతుంది.

ముందు గదిలోకి వచ్చి మొగ్గలు పరుస్తూ, తలుపు సందులోంచి ఓరకంటితో చూస్తోంది. పొన్నమ్మ లోపల ఊడుస్తోంది. చెత్తబుట్ట ముందు వంగింది. గుడ్డ తీసింది. రెండుసార్లు విదిలించి, మడతమీద మడత పెట్టి, నడుంలో దోపుకుంది. అటు తర్వాత ముందు గదిలో మేకు దగ్గరకు వచ్చి, సంచిలో ఏదో సర్దుతున్నట్టు నిలబడింది.

శోభన చేతిలోని మొగ్గలు వదిలేసింది. లేచి, ఆ సంచి లాక్కుని, నువ్వుల మీదే కుమ్మరించింది. అన్నం క్యారియరు, తమలపాకుల పొట్లం, దువ్వెన, ప్లాస్టిక్ కవరు. కవరులో ఇప్పుడు పెట్టిన గుడ్డ.

ముక్కు దగ్గర పెట్టుకోనక్కర్లేకుండానే పదకొండో నంబరు గదంతా పరుచుకుంది.

"ఇదేంది?"

"పారేసేదే కదమ్మా," అంది పొన్నమ్మ. ముఖం పాలిపోయింది.

"పారేసేది అయితే దాచుకోవడం ఎందుకు? ఎన్నాళ్లుగా తీస్తా ఉండావు?"

"రెండు నెలలు ఉంటాది."

"ఎవురికిస్తా ఉండావు?"

పొన్నమ్మ కింద పడ్డ క్యారియరు వైపు చూసింది.

"నాకు తెలీదనుకోవద్దక్కా. ఈ గుడ్డ మద్రాసులో లాబుకి ఇస్తే, ఏది ఎంత వేసినానో మొత్తం మిషన్ చెప్పేస్తాది. నా పెట్టెకి తాళం వేసుకుని ఏం లాభం! ఎవురు అడిగినారు నిన్ను? పేరు చెప్పు చాలు."

"లాబూ లేదు, ఏమీ లేదమ్మా."

"అయితే ఎవురికి?"

"చెప్పకూడదు. మాటిచ్చినాను."

ఆ మాటతో శోభనకు ఒళ్లు మండిపోయింది. మాట ఇచ్చిందట! ఆరేళ్లు పక్కన కూర్చుని అన్నం తిన్న మనిషి, ఇంకెవరికో మాట ఇచ్చిందట. నోటికి వచ్చినవన్నీ అంది. దొంగ అన్న మాట కూడా అంది. అన్నాక ఒక్క క్షణం బాధ అనిపించింది, కాని వెనక్కి తీసుకోలేదు.

"రేపట్నించీ రావద్దు."

పొన్నమ్మ కింద కూర్చుంది. ఏడుస్తుందనుకుంది శోభన. ఏడవలేదు. నువ్వుల మీద పడ్డ తన సామాను ఏరుకుని సంచిలో వేసుకుంది. దువ్వెనకు అంటిన నువ్వులు నాలుగు వేలితో తోసి మళ్లీ కిందివాటిలో కలిపింది. శోభన సగంలో వదిలేసిన మొగ్గలు చివరిదాకా పరిచింది. మీద గుడ్డ కప్పి, నాలుగు మూలలా రాళ్లు పెట్టింది. లేచి మోకాళ్లు దులుపుకుని వెళ్లిపోయింది. పోతూ వెనక్కి తిరిగి చూడనైనా లేదు.

*

గురువారం జల్లెడ శోభన చేతికి వచ్చింది. పొన్నమ్మ గంటన్నరలో ముగించే పనికి మూడు గంటలు పట్టింది. నడుం పట్టేసింది. వాడిన పూలు పెరట్లో డ్రమ్ములో వెయ్యబోతే అది అప్పటికే నిండి ఉంది. రెండు రోజులకొకసారి దాన్ని తోపుడుబండి మీద ఎరువు గుంటకు తీసుకుపోయేది పొన్నమ్మ. ఆషాఢం ఎండకు లోపల పూలన్నీ నల్లగా ఊటెత్తి ఉన్నాయి. శోభన ఒక్కతే డ్రమ్మును వంచి బండిమీదికి ఎక్కించబోయింది. అది సగంలో జారింది. నల్లటి నీళ్లు మోకాళ్ల దాకా చిమ్మాయి. మెకానిక్ కన్నన్ పరిగెత్తుకుని వచ్చి ఒక చెయ్యి వేసి, "ఉఫ్" అని ముఖం అటు తిప్పుకున్నాడు. గుంటలో పూలు కుమ్మరించి, డ్రమ్ము కడిగేసరికి గంట పట్టింది. చీర మార్చుకుంటే పన్నెండింటి బండి తప్పిపోతుంది. కుచ్చిళ్ల మీద రెండు చెంబులు నీళ్లు గుమ్మరించుకుని, పిండుకుని, మొదటి సీసా సంచిలో పెట్టుకుని స్టేషన్‌కు పరుగెత్తింది.

దీపిక కొట్టు తిరువళ్లూరు బజారులో చిన్నదే గాని చల్లగా, శుభ్రంగా ఉంటుంది. చేత్తో చేసిన సబ్బులూ నూనెలూ అమ్ముతుంది. శోభనను చూసి ఎదురువచ్చిన దీపిక రెండడుగుల దూరంలో ఆగి, కుర్చీ వెనక్కి లాక్కుని కూర్చుంది. "ఉక్కగా ఉండాది కదా," అంటూ ఏసీ పెంచింది.

శోభన అట్టముక్క మీద ఒక చుక్క వేసి, రెండుసార్లు ఆడించి అందించింది. దీపిక కళ్లు మూసుకుంది. పెదాల మీద నవ్వు వచ్చింది. అంతలోనే నవ్వు ఆగింది. మళ్లీ వాసన చూసింది. కళ్లు తెరిచింది.

"అక్కా, ఇది నాకు తెలిసిన వాసన."

"ఎట్ల తెలుసు?" శోభన ముందుకు వంగింది. "ఎవురు తెచ్చినారు? ఎవురు అమ్ముతా ఉండారు?"

"అమ్మేది కాదు. పోయిన నెల మా నాయన ఆసుపత్రిలో పది దినాలు ఉండినాడు కదా. ఆడ కక్కసుదొడ్లు కడిగే ఆడవాళ్లు ఉండారు. తిరుత్తణి వైపు నించి రైల్లో వస్తారంట. వాళ్లు వార్డులోకి వస్తే ఈ వాసనే. ఫినాయిలూ, ఇదీ. ఇప్పుడు కూడా నాకు ఆ కక్కసే గుర్తుకొస్తా ఉండాది." అట్టముక్కను వేళ్ల చివర పట్టుకుని బల్ల అవతలి అంచున పెట్టింది. "సారీ అక్కా. బాగుండాది, లేదని చెప్పను. కానీ ఈ వూర్లో అందరూ ఆ ఆసుపత్రికే కదా పోయేది. ఇది పూసుకుని పెళ్లికిపోతే, కడిగే ఆమె వచ్చిందని అనుకోరా? మార్చి తీసుకురా. రేపటికి వద్దులే."

శోభన సీసా సంచిలో వేసుకుని బయటికి వచ్చి ఎండలో నిలబడింది. లాబు లేదు, పోటీ కంపెనీ లేదు. ఏడాది కష్టం తీసుకుపోయి కక్కసులో పోసింది పొన్నమ్మ. దొంగతనం అయినా ఇంతకన్నా మేలు కదా అనిపించింది. సరే, వాళ్లెవరో చూస్తాను, ఆ గుడ్డలు లాక్కుంటాను, నలుగురిలో అడుగుతాను అనుకుంటూ స్టేషన్‌కు పోయి, అయిదింటి దాకా బెంచీ మీద కూర్చుంది.

*

వాళ్లు నలుగురు. నీలం రంగు పొట్టి కోట్లు మడిచి చంకలో పెట్టుకున్నారు. రైలు ఆగగానే ఎక్కి, సీట్ల వైపు చూడనైనా చూడకుండా తలుపు దగ్గర నేలమీద కూర్చున్నారు. సోమవారం తను దాటుకుని పోయింది వీళ్లనేనని శోభనకు అప్పుడు తెలిసింది. ముక్కు సరిగ్గా వీళ్ల దగ్గరికే తెచ్చింది. కళ్లే పట్టుచీర మీదికి పోయాయి.

శోభన వాళ్లకెదురుగా నేలమీదే కూర్చుంది. ఎక్కడ మొదలుపెట్టాలా అని మాటలు కూడదీసుకుంటోంది. పెట్టె నిండా జనం, నిలబడినవాళ్లు కూడా ఒకరినొకరు ఒరుసుకుంటున్నారు. ఆ తలుపు దగ్గరికి మాత్రం ఒక్కరూ రాలేదు. చంటిబిడ్డను ఎత్తుకున్న ఒకామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని జరిగింది. వీళ్లను చూసే అనుకుంది శోభన. కాని ఆమె చూపు వీళ్లమీద లేదు.

కడంబత్తూరు దాటాక, నలుగురిలో చిన్నది, పాతికేళ్లుంటాయి, శోభన వైపు జరిగి గొంతు తగ్గించి అడిగింది.

"ఏమనుకోవద్దక్కా. మురికి కాలవలు తీసే పనా నీది?"

"ఏంది?"

"తప్పుగా అడగలేదు. మాదీ అట్లాటి పనే. నీ చీర కాడ వాసన వస్తా ఉండాది, అందుకని." ఆ పిల్ల సిగ్గుపడుతూ నవ్వింది. "మనకి తెలీదులే. ఆ పనిలోనే ఉంటే ముక్కు చచ్చిపోతాది."

శోభన కుచ్చిళ్లు ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ తెలియలేదు. మళ్లీ పీల్చింది. మల్లెపూలు, అంతే అనిపించింది. పొద్దుట్నించీ అందులోనే మునిగి ఉన్న ముక్కు అది. నల్లటి మరకలు మాత్రం ఎండి అట్టకట్టి కనిపించాయి. దీపిక కుర్చీ వెనక్కి లాక్కోవడం, ఏసీ పెంచడం అప్పుడు అర్థమయ్యాయి. ఊరి మొత్తంలో ముక్కున్నది తనకొక్కతికే అనుకున్న మనిషికి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ పిల్ల అటు తిరిగి రైకలోంచి అరచేయంత గుడ్డముక్క తీసింది. పళ్లతో కొరికి, రెండుగా చించింది. ఒక ముక్క శోభన చేతిలో పెట్టింది.

"రైకలో పెట్టుకో. ఎవురూ ముక్కు మూసుకోరు. ఇది లేనప్పుడు మమ్మల్ని ఈ తలుపు కాడ కూడా కూర్చోనిచ్చేది లేదు. ఇప్పుడు కొందురైతే పక్కన నిలబడి, ఏం పూలు పెట్టుకున్నావని అడుగుతారు."

గుడ్డ ఒంటివేడికి వెచ్చగా ఉంది. శోభన అడిగింది. "యాడిది ఇది?"

"మా అత్త తెస్తాది. సెంట్లు చేసే కాడ పని. ఆడ ఓనరమ్మ చాలా మంచిదంట. వాడిన గుడ్డలు పారెయ్యకుండా మా కోసరమని పక్కన పెట్టి ఇస్తాదంట. ఎవురికి పొన్నమ్మా అని ఒక్క మాటైనా అడగదంట. అడిగితే మా అత్తకి కష్టం కదా. నేను ఆసుపత్రిలో చీట్లు రాస్తానని ఊర్లో అందరికీ చెప్పినాం. ఈ పని అని తెలిస్తే మా అమ్మావాళ్లు గడప తొక్కనివ్వరు. నీకు కాబట్టి చెప్తా ఉండా." గుడ్డలో మిగిలిన సగాన్ని జాగ్రత్తగా మడిచి లోపల దాచుకుంది. "ఈపొద్దు మా అత్త పనికి పోలేదు. నడుం నొప్పంట. ఇదే కడ ముక్క."

ఆ చివరి ముక్కలో సగం శోభన గుప్పిట్లో ఉంది. లాక్కోవాలని వచ్చింది తను. కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోవడానికి కిటికీ కూడా లేదు.

తిరువాలంగాడు దగ్గర ఫోన్ మోగింది. దీపిక. "అక్కా, ఆలోచించినా. అడుగున చేదుగా ఏదో ఉండాదే, అది ఒకటి తీసేస్తే వాసన మారిపోతాది కదా. వచ్చే నెలకి పెట్టుకుందాం."

"మార్చను దీపికా."

"అట్లంటే ఎట్లా? నా కొట్టులో దాన్ని..."

"వద్దులే. ఆ అరలో ఇంకేదైనా పెట్టుకో." ఫోన్ పెట్టేసింది. ఆ కొట్టు తప్ప తిరువళ్లూరులో ఇంకో కొట్టు తెలియదు ఆమెకు.

"ఎవురక్కా?" అంది ఆ పిల్ల.

"పని ఇచ్చే ఆమె."

"పోయిందా పని?"

"పోయినట్టే."

"దానికేంది, ఏడవద్దు. పొద్దున ఆరింటి బండికి రా. మా మేస్త్రీతో మాట్లాడతా. నా పేరు రంజిత. నీ పేరు?"

శోభన తన పేరు చెప్పలేకపోయింది. "కాంచన," అంది.

*

తిరుత్తణిలో ఇంకా వెలుతురు ఉంది. కొండమీది గుడికి పోయే జనం స్టేషన్ బయట ఆటోల కోసం కేకలు వేస్తున్నారు. టికెట్ల గది మెట్ల మీద పొన్నమ్మ కూర్చుని ఉంది. కోడల్ని చూసి లేచింది. కోడలి పక్కనున్న మనిషిని చూసి అలాగే ఆగిపోయింది.

"ఎందుకొచ్చినావు అత్తా, నడుం నొప్పి అంటివే?"

"ఇంట్లో ఊరికే కూర్చోలేక వచ్చినా."

"ఈ యక్క పేరు కాంచన. నా మాదిరి పనే. పాపం, ఈపొద్దే పని పోయింది. మేస్త్రీకి చెప్తామనుకుంటా ఉండా."

పొన్నమ్మ శోభన ముఖం చూసింది. అక్కడినుంచి చూపు మెల్లగా కిందికి దిగి కుచ్చిళ్ల మీద ఆగింది. ఆ నల్లటి మరకలు ఏ డ్రమ్ములోవో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు.

"సబ్బుకి పోదు అది. చింతపండు రసంలో నానేసి ఉతుకు," అంది, ఎవరో తెలియని మనిషికి చెప్పినట్టు.

"పొన్నమ్మ..." అనబోయింది శోభన. నేనే ఆ ఓనరమ్మను, నేను ఇచ్చింది ఏమీ లేదు, మీ అత్తను దొంగ అన్నాను అని అక్కడే, ఆ మెట్ల మీదే, అందరూ వినేట్టు చెప్పెయ్యాలనిపించింది. పొన్నమ్మ తల అడ్డంగా ఊపింది, ఉందా లేదా అన్నంత చిన్నగా. కోడలి ముందు వద్దు. ఇంట్లో నడుం నొప్పి అని చెప్పుకుంది. అది అలాగే ఉండనీ.

"రేపు పనికి పోతావా అత్తా?" రంజిత సంచి భుజం మార్చుకుంది. "గుడ్డ అయిపోయింది. ఉన్నదాంట్లో సగం ఈ యక్కకి ఇచ్చేసినా."

"ఏమో. ఆ యమ్మ వచ్చి పిలిస్తే పోతా."

"ఓనరమ్మ మనింటికి వచ్చి పిలుస్తాదా? బాగుండాది నీ కథ!" రంజిత పకపకా నవ్వింది.

"రాకుంటే నడుం నొప్పే," అంది పొన్నమ్మ. ఆమె నవ్వలేదు. శోభన వైపే చూస్తోంది. ఆ చూపులో కోపం ఉంది. అది నిన్న వెళ్లిపోయేటప్పుడు కనిపించనివ్వని కోపం.

శోభన ఒక అడుగు ముందుకు వేసింది.

"మీ ఇల్లు యాడ?"

ఆరేళ్లలో ఆ మాట అడగడం అదే మొదలు.

పొన్నమ్మ కొంగు దులిపి భుజం మీద వేసుకుంది. రంజిత ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"దూరమే," అంది పొన్నమ్మ చివరికి. "రైలు కట్ట దాటి పోవాల. నడవగలవా?"

"నడుస్తా."

ముగ్గురూ గేటు వైపు నడిచారు. మధ్యలో రంజిత, ఆరింటి బండికి ఏ పెట్టె ఎక్కాలో కాంచనక్కకు వివరంగా చెబుతోంది.